సవరణ: పోలాండ్ పెన్షన్ల గురించి నేను రాసింది తప్పు

మొన్న పోస్టులో, 1990 జనవరి 1న ఆర్థిక మంత్రి బాల్ట్సెరోవిచ్ మార్కెట్ సంస్కరణలు మొదలవగానే పోలాండ్ ప్రభుత్వం సంక్షేమాన్ని ఒక్కసారిగా కోసేసిందని రాశాను. అది తప్పు, క్షమించండి. సబ్సిడీలు తీసేసి ధరలపై నియంత్రణ వదిలేసిన మాట నిజమే, జనం నలిగిపోయిన మాటా నిజమే, కానీ పెన్షన్ల ఖర్చు తగ్గలేదు సరికదా, రెండు మూడేళ్లలోనే జీడీపీలో దాని వాటా దాదాపు రెట్టింపైంది. ఫ్యాక్టరీల్లో ఉద్యోగాలు పోతుంటే, యాభైల్లో ఉన్నవాళ్లను నిరుద్యోగులుగా రోడ్డున పడేయకుండా ముందస్తు రిటైర్మెంట్, వైకల్య పెన్షన్ల వైపు పంపారు. ఇది నాకు చాలా ముఖ్యమైన తేడా అనిపిస్తుంది.

అప్పటి కార్మిక మంత్రి యాట్సెక్ కురొన్ ఆకలితో ఉన్నవాళ్లకు తన చేత్తో సూప్ వడ్డించేవారు. ఆ సూప్‌ని జనం ఆయన పేరుతోనే 'కురొన్యూఫ్కా' అన్నారు, తర్వాత నిరుద్యోగ భృతికీ అదే పేరు స్థిరపడింది.

ఇంకొకటి. 1999లో పెట్టిన ప్రైవేట్ పెన్షన్ ఫండ్లు ఇప్పటికీ అలాగే నడుస్తున్నాయని రాశాను, అదీ సరికాదు. 2014లో వాటి ఆస్తుల్లో సగానికి పైగా, ముఖ్యంగా ప్రభుత్వ బాండ్లు, ప్రభుత్వ పెన్షన్ సంస్థకు మళ్లించారు. హంగరీ అయితే తన దగ్గరి ఇలాంటి ఫండ్ల సొమ్మును 2010 చివర్లోనే ఇంకా గట్టిగా వెనక్కి లాక్కుంది. పాత పోస్టులో ఈ రెండు చోట్లా మార్చేశాను.