పేడ ఉంటే చాలు, పుట్టగొడుగులు పండుతాయా?

పుట్టగొడుగుల పెంపకం మీద వాట్సాప్‌లో, వీడియోల్లో ఒక సలహా బాగా తిరుగుతోంది. మాటలు అటూఇటూ మారినా సారాంశం ఇది: "గడ్డి ఉడకబెట్టే పని లేదు. ఏ పశువు పేడైనా తీసుకోండి, పాతదైతే ఇంకా మంచిది. తడిపి, విత్తనం చల్లి, చీకటి గదిలో పెట్టండి. ఏ రకం పుట్టగొడుగైనా వస్తుంది. పేడ ఎంత ఎక్కువ వేస్తే దిగుబడి అంత ఎక్కువ. సహజమైన ఎరువు కాబట్టి ఏ హానీ ఉండదు. పేడకుప్ప మీద వాటంతట అవే మొలవడం మీరు చూడలేదా? అవీ ఇవే."

ఇది నమ్మి మొదలుపెట్టినవాళ్లకు దక్కేది పచ్చ బూజు, దుర్వాసన, ఈగలు. విత్తనం (గింజల మీద పెంచిన పుట్టగొడుగు దారాలు, స్పాన్ అంటారు) ఖర్చు పోవడం ఒక నష్టం. "ఈ పని నా వల్ల కాదు" అని వాళ్లు పూర్తిగా వదిలేయడం అంతకంటే పెద్ద నష్టం. తప్పు వాళ్లది కాదు, ఆ సలహాది. అందుకే ఒక్కో మాటా తీసుకుని చూద్దాం.

"ఏ రకం పుట్టగొడుగైనా వస్తుంది"

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఈ మాటే. పుట్టగొడుగులన్నీ ఒకే తిండి తినవు. ఆయిస్టర్, అంటే ముత్యపు చిప్ప పుట్టగొడుగు, సహజంగా చచ్చిన చెట్ల మీద పెరిగేది. కలపలోని, గడ్డిలోని గట్టి పీచును అదే నేరుగా విరగ్గొట్టుకుని తింటుంది. దానికి శుభ్రమైన వరిగడ్డి, గోధుమ గడ్డి, పత్తి వ్యర్థాలు, రంపపు పొట్టు లాంటివి కావాలి. వాటిలో నత్రజని తక్కువ, ఆయిస్టర్‌కు ఆ కొద్దే సరిపోతుంది. షిటాకే అయితే పూర్తిగా కలప మీద బతికేది. వరిగడ్డి పుట్టగొడుగు సంగతి పేరే చెబుతోంది.

బటన్ పుట్టగొడుగు దారి వేరు. అది తాజా గడ్డిని తినడంలో వెనకబడుతుంది. బ్యాక్టీరియా, ఇతర శిలీంధ్రాలు ముందుగా కుళ్లబెట్టి మార్చిన పదార్థం మీద బాగా పెరుగుతుంది. పశువుల ఎరువు నిజంగా ఉపయోగపడేది దీనికీ, ఇదే తరహాలో బతికే మరికొన్ని జాతులకూ మాత్రమే. ఆయిస్టర్ విత్తనాన్ని పేడలో కలిపితే అది మెల్లగా పాకేలోపు నత్రజనిని ఇష్టపడే బూజులూ బ్యాక్టీరియా ఆ చోటంతా ఆక్రమించేస్తాయి. పచ్చగా కనిపించే ట్రైకోడెర్మా వాటిలో ముందుంటుంది.

కాబట్టి ముందు ఏ పుట్టగొడుగు పెంచాలో తేల్చుకోవాలి, ఆ తర్వాతే పదార్థం. ఇంట్లో పేడ ఉంది కదా అని అక్కడి నుంచి మొదలుపెట్టడం తలకిందుల వ్యవహారం. మొదటిసారి పెంచేవాళ్లు గడ్డి మీద ఆయిస్టర్‌తో మొదలుపెట్టడమే మేలని నా గట్టి అభిప్రాయం. దానికి పేడ అసలు వద్దు.

"ఏ పశువు పేడైనా ఒకటే"

కాదు. గుర్రం నెమరు వేయదు. అది తిన్న గడ్డిలో చాలా పీచు సగమే అరిగి బయటికి వస్తుంది. పైగా పాకలో గుర్రం కింద పరిచిన గడ్డి, దాని మీద పడిన మూత్రం, లద్దె అన్నీ కలిసే దొరుకుతాయి. గుల్లగా ఉండటం వల్ల గాలి ఆడుతుంది, కుప్ప వేస్తే దానంతట అదే వేడెక్కుతుంది. 17వ శతాబ్దంలో పారిస్ చుట్టుపక్కల తోటమాలులు గుర్రపు లద్దె మడుల మీద పుట్టగొడుగులు పెంచడం మొదలుపెట్టారు. 1707లో తూర్నెఫోర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు ఆ పద్ధతిని వివరించి రాశాడు. పేడకూ పుట్టగొడుగుకూ ముడిపెట్టే మాటలకు ఒక మూలం అక్కడుంది. అయితే వాళ్లు కూడా లద్దెను పులియబెట్టాకే వాడారు.

ఆవు, గేదె నెమరు వేస్తాయి. పీచు చాలావరకు కడుపులోనే అరిగిపోతుంది, మిగిలింది మెత్తటి ముద్ద. తడి పేడను కుప్ప వేస్తే లోపలికి గాలి పోదు. వేడెక్కాల్సింది పోయి కంపు కొడుతుంది. దీన్ని వాడాలంటే బోలెడంత గడ్డి కలిపి గుల్ల చేయాల్సిందే. మేక, గొర్రె పెంటికలు గట్టిగా ఉంటాయి, చితక్కొట్టి నానబెట్టకపోతే లోపలికి తడి చేరదు. కోళ్ల ఎరువు మరీ ఘాటైనది. అందులో కర్బనం నత్రజనికి పది రెట్ల లోపే ఉంటుంది, గోధుమ గడ్డిలో అది 80 రెట్లు, ఆపైనే. అందుకే పెద్ద ఫారాల్లో గడ్డిని ప్రధానంగా తీసుకుని, నత్రజని కోసం కోళ్ల ఎరువును కొలిచి కలుపుతారు. కోళ్ల ఎరువు ఒక్కటే పోసి విత్తనం వేస్తే ఆ విత్తనం ఒక్క దారం కూడా సాగకుండా చచ్చిపోతుంది.

దీనికి ఎదురుగా ఇంకో మాట కూడా వింటుంటాం, "గుర్రపు లద్దె లేకుండా బటన్ పండదు" అని. అదీ తప్పే. గడ్డి, తవుడు, యూరియా, జిప్సం లాంటి వాటితో ఏ జంతువు ఎరువూ లేకుండా చేసే కంపోస్టు దశాబ్దాలుగా వాడుకలో ఉంది.

"తడిపి విత్తనం చల్లితే చాలు"

అసలు పనంతా దాచేసిన మాట ఇది. బటన్ పుట్టగొడుగు తినేది పేడను కాదు, పేడా గడ్డీ కలిసి కుళ్లి మారిన కంపోస్టును. ఆ మార్పు రెండు దశల్లో జరుగుతుంది.

మొదటి దశలో గడ్డిని బాగా తడిపి, ఎరువు, జిప్సం కలిపి కుప్ప వేస్తారు. కుప్ప మధ్యలో వేడి 70 నుంచి 80 డిగ్రీల సెల్సియస్ దాకా వెళ్తుంది. రెండు మూడు రోజులకోసారి తిరగేస్తూ లోపలిది బయటికి, బయటిది లోపలికి తెస్తారు. గడ్డి మెత్తబడి ముదురు గోధుమ రంగుకు తిరుగుతుంది. జిప్సం జిగురును తగ్గించి కుప్పను గుల్లగా ఉంచుతుంది, చాలామంది దాన్ని అనవసర ఖర్చనుకుని మానేస్తారు. మానకూడదు.

రెండో దశ మూసిన గదిలో. ముందు 58 నుంచి 60 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఉంచుతారు, దాంతో ఈగల గుడ్లు, నులిపురుగులు, హాని చేసే బూజులు చాలావరకు చస్తాయి. తర్వాత 45 నుంచి 50 డిగ్రీల మధ్య కొన్ని రోజులు నిలబెడతారు. ఆ వేడిలో బతికే మంచి సూక్ష్మజీవులు కంపోస్టులోని అమ్మోనియాను తిని తమ శరీరంగా మార్చుకుంటాయి, తేలికగా కరిగే చక్కెరలను ఖాళీ చేస్తాయి. కంపోస్టు మీద తెల్లటి పొడి చల్లినట్టు మచ్చలు కనిపిస్తాయి. మిగిలిన పదార్థం మామూలు బూజులకు పెద్దగా పనికిరాదు, బటన్‌కు మాత్రం విందు. ఆ సూక్ష్మజీవుల శరీరాలు కూడా దానికి ఆహారమే.

ఇది అర్థమైతే ఇంకో సందేహం కూడా తీరుతుంది. "అయితే పేడను ప్రెషర్ కుక్కర్లో పూర్తిగా స్టెరిలైజ్ చేస్తే సరిపోతుంది కదా" అని కొందరు అడుగుతారు. స్టెరిలైజ్ చేస్తే కాపలా కాసే మంచి సూక్ష్మజీవులు కూడా పోతాయి, చక్కెరలు, అమ్మోనియా మాత్రం అలాగే ఉంటాయి. గాలిలో వచ్చి పడిన మొదటి బూజు బీజానికి అడ్డే ఉండదు. కంపోస్టుకు కావాల్సింది ఎంచుకున్న వేడి మాత్రమే.

గదులు, ఆవిరి యంత్రాలు లేనివాళ్లు మొత్తం పనిని బయట కుప్పలోనే, పదేపదే తిరగేస్తూ, దాదాపు నాలుగు వారాల్లో చేస్తారు. దిగుబడి తక్కువే, రోగాల బెడదా ఎక్కువే. కానీ అది నిజమైన పద్ధతి. తడిపి చల్లేయడం పద్ధతే కాదు.

"పేడ ఎంత ఎక్కువైతే దిగుబడి అంత"

నత్రజని ఒక హద్దు వరకు దిగుబడిని పెంచుతుంది, నిజమే. బటన్ కంపోస్టు మొదలుపెట్టేటప్పుడు కర్బనం నత్రజనికి 25 నుంచి 30 రెట్లు ఉండేలా చూస్తారు, పూర్తయ్యేసరికి అది 17 రెట్ల దగ్గరికి దిగుతుంది. ఎరువు మితిమీరితే పొంగిపొర్లేది అమ్మోనియా. 10 పిపిఎం (పది లక్షల భాగాల్లో పది) దాటి అమ్మోనియా ఉన్న కంపోస్టులో విత్తనం వేయరు. కొలిచే పరికరం లేకపోతే ముక్కే ఆధారం: గుప్పెడు పిండి వాసన చూస్తే ఘాటు కొట్టిందంటే ఇంకా సిద్ధం కాలేదు. అయినా తొందరపడి విత్తితే సన్నటి కాడలతో, ఒకటి రెండు రోజుల్లో నల్లటి సిరాలా కరిగిపోయే పిచ్చి పుట్టగొడుగులు వస్తాయి. అమ్మోనియా మిగిలిందని అవి చెప్పే గుర్తు.

"పాతదైతే ఇంకా మంచిది"

ఏళ్ల తరబడి మాగిన ఎరువులో తినదగ్గ సారం దాదాపు అయిపోయి ఉంటుంది. దాన్ని తిండిగా పెట్టి దిగుబడి ఆశించలేం. కానీ దానికి వేరే చోటు ఉంది. బటన్ విత్తనం కంపోస్టంతా పాకిన తర్వాత పైన ఒక పొర కప్పాలి, దాన్నే కేసింగ్ అంటారు. ఆ పొర లేకపోతే పుట్టగొడుగులు సరిగా రావు. దానికి సారం తక్కువగా, తడిని పట్టి ఉంచేలా ఉండాలి. బాగా చివికిన పశువుల ఎరువును మట్టితో కలిపి, ఆవిరితో శుద్ధి చేసి ఇక్కడ వాడుకోవచ్చు.

ఎండిన పేడలో సూక్ష్మజీవులు ఉండవన్నది కూడా అపోహే. బూజుల బీజాలు ఎండలో నిద్రపోతాయి, తడి తగలగానే లేస్తాయి.

"సహజం కాబట్టి హాని ఉండదు"

పచ్చి పేడలో ఈ.కోలి, సాల్మొనెల్లా లాంటి మనుషులకు రోగం తెచ్చే బ్యాక్టీరియా ఉండొచ్చు. సరిగా వేడెక్కిన కంపోస్టులో అవి బతకవు, తడిపి చల్లిన పేడలో బతుకుతాయి. ఆ మడి మీద కోసినవి చేతికీ, వంటింటికీ వాటిని మోసుకొస్తాయి. ఇంకొకటి, కోళ్ల, పందుల దాణాలో రాగి, జింక్ కలపడం మామూలే, అవి ఎరువులోకి దిగుతాయి. పుట్టగొడుగులకు లోహాలను పీల్చుకునే గుణం ఉంది. ఎరువు ఎక్కడి నుంచి వస్తోందో, ఆ జంతువులకు ఏం పెడుతున్నారో అడిగి తెలుసుకోవడం అతి జాగ్రత్తేమీ కాదు.

"కుప్ప మీద మొలిచినవీ ఇవే"

ఇది దిగుబడికి కాదు, ప్రాణానికి సంబంధించింది. పేడ మీద సహజంగా మొలిచే జాతుల్లో మెదడు మీద పనిచేసే విషం ఉన్నవి ఉన్నాయి. చూడటానికి చిన్నగా, అమాయకంగా ఉంటాయి. సిరాలా కరిగే వాటిలో ఒక జాతిని తిని, దగ్గర్లో మద్యం తాగితే గుండెదడ, వాంతులు పట్టుకుంటాయి. పురుగులు తిన్నవి మనమూ తినొచ్చన్నది అబద్ధం. వెండి చెంచా నల్లబడకపోతే మంచివన్నదీ అబద్ధమే. ఉడికిస్తే విషం పోతుందన్న నమ్మకం మరీ ప్రమాదం, పుట్టగొడుగుల్లోని అతి ఘోరమైన విషాలు వేడికి చెక్కుచెదరవు.

మీరు విత్తనం వేసిన మడిలోనే వేరే ఆకారంలో ఏదైనా లేచినా ఇదే నియమం. టోపీ విచ్చుకోకముందే వేరుతో సహా పీకి, సంచిలో మూటగట్టి మడికి దూరంగా పారేయండి. కోసిన పంటలో ఏది మీరు వేసిందో, ఏది కాదో తేల్చుకోలేకపోతే ఆ కోత మొత్తం వదిలేయండి.