కాళ్లతో కొలవాల్సిన లెక్క

ఏ పట్టణంలోనైనా అధికారుల ఫైళ్లు తిరగేస్తే ప్రజారోగ్యానికి లోటేమీ కనిపించదు. పార్కులు ఇన్ని, ఫుట్‌పాత్‌లు ఇన్ని కిలోమీటర్లు, ఓపెన్ జిమ్‌లు ఇన్ని అని పట్టిక చక్కగా ఉంటుంది. ఆ పట్టిక పట్టుకుని వీధిలోకి దిగితే కథ మారుతుంది. ఫుట్‌పాత్ ఉంటుంది, దాని నడిమధ్యన కరెంటు స్తంభం కూడా ఉంటుంది. పార్కు ఉంటుంది, జనానికి తీరిక చిక్కే వేళకు దాని గేటుకు తాళం పడుతుంది. ఉన్నదంతా లెక్కకెక్కుతుంది, అందులో వాడుకోగలిగింది ఎంతో ఎవరూ రాయరు. ఒక పట్టణం తన మనుషులను ఎంతవరకు నడవనిస్తోంది, ఆడుకోనిస్తోంది అని అంచనా వేసే పని ఇక్కడే దారి తప్పుతోంది.

పెద్దవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ చేయాలని, పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలైనా చురుగ్గా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు చెబుతున్నాయి. 2022 నాటికి ప్రపంచంలోని పెద్దవాళ్లలో 31 శాతం, అంటే దాదాపు 180 కోట్ల మంది, ఆ మాత్రం కూడా కదలడం లేదని అదే సంస్థ తేల్చింది. దీన్ని మనుషుల బద్ధకం ఖాతాలో రాసేసి చేతులు దులుపుకోవడం తేలిక. కానీ 10 దేశాల్లోని 14 నగరాల్లో జరిగిన ఒక అధ్యయనం 2016లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. నడకకు బాగా అనువైన పేటల్లో ఉండేవాళ్లు, బొత్తిగా అనువుగా లేని పేటల వాళ్లకన్నా వారానికి 68 నుంచి 89 నిమిషాలు ఎక్కువగా కదులుతున్నారని అందులో తేలింది. నడక ఇష్టమున్నవాళ్లే అలాంటి చోట ఇల్లు చూసుకుంటారేమో అన్న అనుమానం రావచ్చు, అది కొంత నిజమే కావచ్చు. అయినా కావలసిన 150 నిమిషాల్లో దాదాపు సగం తేడా కనిపిస్తున్నప్పుడు వీధిని నిర్దోషి అనలేం.

ఆ అధ్యయనంలో తేడా చూపిన అంశాలు గమనించదగ్గవి. ఇళ్లు దగ్గరదగ్గరగా ఉండటం, వీధులు ఒకదానితో ఒకటి కలవడం, బస్సు లాంటివి అందుబాటులో ఉండటం, నడిచి చేరేంత దూరంలో పార్కులుండటం. అంటే పనికో, సరుకులకో, స్నేహితుల ఇంటికో వెళ్లేటప్పుడు తెలియకుండానే అయిపోయే నడక. గంటసేపు వాకింగ్ చేయడానికి అరగంట కారు నడుపుకుంటూ పార్కుకు వెళ్లాల్సిన ఊరు ఈ పరీక్షలో నెగ్గదు, ఆ పార్కు ఎంత అందంగా ఉన్నా సరే.

మ్యాప్ మీద దూరాలు కొలవడం మరో చిక్కు. ఇంటికి 300 మీటర్ల లోపు కనీసం అర హెక్టారు పచ్చని జాగా ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ విభాగం సూచించింది. మంచి కొలతే, కానీ అది గీత గీసినట్టు తిన్నగా కొలిచే దూరం. మధ్యలో రైలు పట్టాలో, పెద్ద కాలువో, ఏదో సంస్థ ప్రహరీగోడో అడ్డం వస్తే ఆ 300 మీటర్లు కాలినడకన కిలోమీటరు దాటిపోతుంది. మ్యాప్ మీద ఆ ఇల్లు పాసు, ఇంట్లో వాళ్లు మాత్రం ఫెయిలు.

రోడ్డు దాటడం సంగతి ఇంకా దారుణం. సెకనుకు 1.2 మీటర్ల నడక వేగం ఉంటుందని అనుకుని పాదచారుల సిగ్నళ్లకు సమయం పెట్టడం చాలాచోట్ల ఉన్న పద్ధతి. 12 మీటర్ల రోడ్డుకు 10 సెకన్లు. ఇంగ్లండ్‌లో 65 ఏళ్లు దాటినవాళ్ల నడకను పరిశీలించి 2012లో ప్రచురించిన అధ్యయనంలో సగటు వేగం మగవాళ్లకు సెకనుకు 0.9 మీటర్లు, ఆడవాళ్లకు 0.8 మీటర్లు అని వచ్చింది. ఆ లెక్కన 10 సెకన్లు గడిచేసరికి ఆ పెద్దావిడ ఇంకా 8 మీటర్ల దగ్గరే ఉంటుంది. ముందు 4 మీటర్ల రోడ్డు, పక్కన హారన్లు. రెండుసార్లు అలా టెన్షన్ పడ్డాక మూడోసారి ఆమె బయటికి రాదు. ఆ మానేసిన నడక ఏ సర్వేలోనూ నమోదు కాదు, ఎందుకంటే సర్వే చేసేవాళ్లు రోడ్డు మీద కనిపించినవాళ్లనే లెక్కపెడతారు.

అందుకే ఎవరు రావడం లేదు అన్న ప్రశ్నను మేము అన్నిటికన్నా ముందు పెడతాం. 1990లలో ఆస్ట్రియా రాజధాని వియన్నాలో సరిగ్గా ఆ ప్రశ్నే వేశారు. తొమ్మిది పదేళ్లు దాటాక ఆడపిల్లలు పార్కులకు రావడం బాగా తగ్గిపోతోందని, మగపిల్లల సంఖ్య మాత్రం అలాగే ఉంటోందని గమనించారు. ఉన్న ఒక్క పెద్ద మైదానాన్ని అబ్బాయిలు ఆక్రమించుకుంటే పోట్లాడటం ఇష్టం లేని అమ్మాయిలు తప్పుకుంటున్నారు. 1999లో రెండు పార్కులను మార్చి చూశారు. మైదానాన్ని చిన్న చిన్న భాగాలు చేశారు, దారులు మెరుగుపరిచారు, వేరే ఆటలకూ చోటిచ్చారు. అమ్మాయిలు తిరిగొచ్చారు. పార్కు విస్తీర్ణం పెరగలేదు. చదరపు మీటర్ల పట్టిక ఈ మార్పును ఎప్పటికీ పట్టుకోలేదు.

అంచనా వేయడానికి పనిముట్లు లేవనే సాకు కూడా చెల్లదు. స్కాట్లాండ్ 2015లో తెచ్చిన ప్లేస్ స్టాండర్డ్ అనే పనిముట్టులో నడక, రవాణా, ఆట, భద్రత వంటి 14 అంశాల మీద అక్కడ ఉండేవాళ్లే 1 నుంచి 7 వరకు మార్కులు వేస్తారు. మార్కులు వేయించడం వరకే ఆగితే అదీ ఇంకో ఫైలవుతుంది. పైగా ఊరంతటికీ కలిపి ఒకే స్కోరు ప్రకటించడం మాకు అసలు నచ్చని పద్ధతి. చెట్ల నీడ ఉన్న కాలనీ మార్కులు, నిలబడటానికి కూడా చోటులేని బస్తీ మార్కులు కలిపి సగటు తీస్తే ఇద్దరి సంగతీ తెలియదు.

వీధివారీగా లెక్కలు తీయాలి, వాటిని అందరికీ కనపడేలా పెట్టాలి, రెండేళ్ల తర్వాత అవే వీధుల్లో మళ్లీ కొలవాలి. కొలిచే రోజు చేతికర్రతో నడిచే ఒకరు, వీల్‌చైర్‌లో ఉన్న ఒకరు, బడి సంచీ మోసే ఒక పిల్ల బృందంలో ఉండాలి. ఒకసారి వాన వెలిసిన వెంటనే, మరోసారి చీకటి పడ్డాక వెళ్లాలి. నివేదిక మీద సంతకం చేసే అధికారి ఆ రెండుసార్లూ వాళ్లతో పాటు చివరిదాకా నడవాలి, వాహనం వీధి మొదట్లోనే దిగి.