ఇంటి గుట్టు చెప్పిన మనిషి

బ్రిటన్‌లో కాలమిస్టు యాస్మిన్ అలీభాయ్ బ్రౌన్‌ను ఏ శిబిరమూ పూర్తిగా తనదనుకోదు. వలసలంటే మండిపడేవాళ్లకు ఆమె ఎక్కడి నుంచో వచ్చిన ముస్లిం. మతపెద్దలకేమో ముసుగు వద్దంటూ 2014లో పుస్తకం రాసిన ముస్లిం. 2010లో ఒక కౌన్సిలర్ ఆమెను రాళ్లతో కొట్టి చంపాలన్నట్టు ట్వీట్ చేసి అరెస్టయ్యాడు. జోక్ చేశానన్నాడు! నన్నడిగితే, బహుళ సంస్కృతి గురించి, అంటే వేర్వేరు సంస్కృతులవాళ్లు ఎవరి పద్ధతులు వాళ్లు ఉంచుకుని ఒకే దేశంలో బతకడం గురించి మాట్లాడే అర్హత ఈమెకు ఉన్నంతగా ఇంకెవరికీ లేదు.

ఒక్క స్కూలు నాటకం చాలు ఎందుకో చెప్పడానికి. 1949లో ఉగాండా రాజధాని కంపాలాలో, షియా ముస్లింలలో ఒక శాఖ అయిన ఇస్మాయిలీల కుటుంబంలో పుట్టిన ఆమె, స్కూల్లో జూలియట్ వేషం వేశారు. రోమియో నల్లజాతి కుర్రాడు. ఇక అంతే, తండ్రి ఆమెతో మాట మానేశారు. తెల్లదొర ముందు చేతులు కట్టుకుని, ఆఫ్రికన్‌ను మాత్రం గడప తొక్కనివ్వని సమాజం అది, మన ఉపఖండం నుంచి వెళ్లి అక్కడ స్థిరపడ్డ ఆసియన్లది. 1972లో ఉగాండా నియంత ఇదీ అమీన్ వాళ్లకు 90 రోజుల గడువిచ్చి తరిమేశాడు. దుర్మార్గమే. ఆమె బ్రిటన్ చేరిందీ ఆ ఏడాదే. మా ఊరికి రావొద్దంటూ బ్రిటన్‌లోని లెస్టర్ నగర కౌన్సిల్ ఉగాండా పత్రికలో ప్రకటన వేయించిన రోజులవి. వివక్ష చూపే ఇంట్లో పెరిగి, వివక్ష చూపే దేశంలో దిగారన్నమాట.

బహుళ సంస్కృతి విధానం మైనారిటీలను వేర్వేరు గదుల్లో పెడుతోందని ఆమె 2000లోనే వాదించారు. సర్కారు ‘ముస్లింలు ఏమంటారు?’ అనడిగితే వచ్చి కూర్చునేది నలుగురు పెద్దమనుషులే కదా. జూలియట్‌ను ఎవరు పిలుస్తారు? ఆమె తండ్రిని పిలుస్తారు. 2011లో అప్పటి బ్రిటన్ ప్రధాని డేవిడ్ కామెరాన్ మ్యూనిక్‌లో ఈ విధానం విఫలమైందని ప్రకటించినప్పుడు, ఇద్దరిదీ ఒకే మాట అనుకుంటే పొరపాటే. ఇరాక్ యుద్ధానికి నిరసనగా 2003లో బ్రిటన్ ఇచ్చిన ఎంబీఈ బిరుదునే తిప్పి పంపిన మనిషి ఆమె.

ముస్లిం ద్వేషులకు ఆయుధాలు అందిస్తోందని ఆమెపై విమర్శ. ఆ భయం ఊరికే పుట్టలేదు, ఒప్పుకుంటాను. కానీ ఆ లెక్కన పరిస్థితులు చక్కబడేదాకా ఆడపిల్లలు నోరు మూసుకోవాలి. ఎప్పటికి చక్కబడతాయో మరి.

ఇంటి గుట్టు బయటపెట్టొద్దన్న ఈ వాదన మనకు కొత్తేం కాదు. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ కులవివక్షను నిషేధించింది. అమెరికాలో ఆ పని చేసిన తొలి నగరం అదే. అక్కడ కూడా సంఘాలను కులాలవారీగా పంచుకున్న మన తెలుగువాళ్లలో కొందరికి అప్పుడే ‘ఇక్కడ కులమెక్కడుంది?’ అన్న సందేహం వచ్చింది. మన పరువు తీస్తున్నారని గొడవ. ఆ బిల్లు పెట్టిన కౌన్సిలర్ క్షమా సావంత్ పుణెలో, బ్రాహ్మణ కుటుంబంలో పుట్టినావిడ.