'నైవ్స్ ఔట్'లో ఆ నర్సు పిల్ల

సస్పెన్స్ మొత్తం చెప్పేస్తున్నాను. సినిమా చూడనివాళ్లు ఇక్కడితో ఆగిపోండి.

2019లో వచ్చిన హాలీవుడ్ సినిమా ఇది. రియాన్ జాన్సన్ రాసి తీశాడు, స్క్రీన్‌ప్లేకి ఆస్కార్ నామినేషన్ వచ్చింది. అద్దెకు తెచ్చుకున్న డిటెక్టివ్ నవలలు చదువుతూ పెరిగినదాన్ని కదా, అందరూ చూడమంటుంటే ఎంతో ఆశ పెట్టుకున్నాను. మొన్న ఆదివారం పర్లాకిమిడిలో మా పిన్ని ఇంట్లో చూశాం.

మొదటి అరగంట చాలా బాగుంది, కాదనను. 85వ పుట్టినరోజు రాత్రి ఒక పెద్ద రచయిత గొంతు తెగి చనిపోతాడు. ఇంటినిండా కూతురు, అల్లుడు, కొడుకు, కోడళ్లు, మనవలు. అందరికీ ఆయన డబ్బు కావాలి. అల్లుడు వలస వచ్చినవాళ్ల గురించి ఉపన్యాసం ఇస్తూ, ఆ రచయితని చూసుకునే నర్సు మార్తాని పిలిచి, మాట్లాడుతూ మాట్లాడుతూనే తన ఎంగిలి ప్లేటు ఆమె చేతిలో పెడతాడు. చూడను కూడా చూడడు. ఆ ఒక్క ప్లేటుతో ఆ ఇల్లంతా అర్థమైపోయింది నాకు.

ఆ తర్వాతే నీరుగారిపోయింది. అసలేం జరిగిందో సగం సినిమా కాకముందే చూపించేశారు. ఇక ఆ ఇంటివాళ్ల మీద అనుమానం ఏం మిగులుతుంది? జేమీ లీ కర్టిస్, టోనీ కొలెట్, మైఖేల్ షానన్ లాంటివాళ్లని తెచ్చి అరుపులకే వాడుకున్నారు.

కానీ నా అసలు బాధ మార్తా గురించి. ఆమెది ఏ దేశమో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. ఒకరు ఈక్వడార్ అంటారు, ఒకరు పరాగ్వే, ఇంకొకరు బ్రెజిల్. వాళ్ల అహంకారం చూపించడానికే అది, సరే. మరి దర్శకుడైనా చెప్పాలి కదా? చివరిదాకా చెప్పడు. మా సంగతీ ఇంతే. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసింది. మహేంద్రతనయ నది దాటితే పాతపట్నం, అది ఆంధ్రా. మేం భువనేశ్వర్ వెళ్తే ఆంధ్రావాళ్లం, విశాఖ వెళ్తే ఒడియావాళ్లం. మీదే ఊరని ఎవరైనా అడిగి, జవాబు చెప్పేదాకా ఆగితే ఎంత హాయిగా ఉంటుందో మాకు తెలుసు. మార్తాని అలా ఒక్కరూ అడగలేదు.

ఆమె పని సంగతైనా సరిగ్గా చూపించారా అంటే అదీ లేదు. మా పిన్ని 30 ఏళ్లు నర్సుగా చేసింది. ఆట బోర్డు తిరగబడి మందు సీసాలు కింద పడ్డాక, మార్తా ముందు ఆ ముసలాయనకి ఇంజెక్షన్ ఇచ్చేసి, ఆ తర్వాత లేబుల్ చూస్తుంది. పిన్ని ఒక్కసారిగా లేచి కూర్చుంది. "ఓలమ్మా! లేబుల్ చూడకుండా సూదెట్టేస్తాదేటి?"

100 మిల్లీగ్రాముల మార్ఫిన్, అంటే నొప్పి తగ్గించే మత్తుమందు, ఎక్కిందని ఆమే, ఆయనా ఇద్దరూ నమ్ముతారు. అంత ఎక్కితే మనిషి మత్తులోకి జారిపోవాలి, ఊపిరి మందగించాలి. ఆయనేమో ఆమె ఏ దారిన వెళ్లాలో, పోలీసులకు ఏం చెప్పాలో పూసగుచ్చినట్టు వివరించి, ఆమె మీదికి నింద రాకుండా తన గొంతు తనే కోసుకుంటాడు. ఆయన వివరిస్తున్నంతసేపూ నర్సు ఎదురుగానే కూర్చుని ఉంది. కళ్లు చూడదా? నాడి పట్టుకోదా? ఎంత కంగారుపడినా చెయ్యి దానంతటదే వెళ్తుందంది పిన్ని. చివర్లో డిటెక్టివ్ ఏమంటాడంటే, మనవడు సీసాల్లో మందు మార్చేసినా, చిక్కదనంలో తేడా చేతికి తెలిసి మార్తా సరైన మందే ఇచ్చిందట, ఎందుకంటే ఆమె మంచి నర్సట! చిక్కదనం తెలిసిన చేతికి నాడి తెలియదా? ఆమెకి ఒక నిమిషం పని తెలిసి ఉంటే ఆ ముసలాయన బతికేవాడు, సినిమా ఉండేది కాదు. అందుకే ఆ నిమిషం ఆమె తెలివి లాగేసుకున్నారు. అబద్ధమాడితే వాంతి చేసుకునే మంచి పిల్లగా మాత్రం మిగిల్చారు.

ఆఖరి షాట్‌లో మార్తా కప్పు పట్టుకుని, ఆయన తనకే రాసిపోయిన ఆ ఇంటి బాల్కనీలో నిలబడుతుంది, ఇంటివాళ్లంతా కింద నిలబడి పైకి చూస్తుంటారు. అందరూ చప్పట్లు కొట్టే చోటు అది. పిన్ని కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, "ఇంతకీ ఆ పిల్లది ఏ ఊరే?" అని అడిగింది.