యజమానికీ ప్రవేశం లేదు

ల్యాప్‌టాప్ పోతే డేటా ఏమవుతుందన్నది పామరుల బెంగ. విజ్ఞుల బెంగ వేరు: కంప్యూటర్ మొదలవడానికి కావలసిన ఫైళ్ళుండే బూట్ ఫోల్డర్‌కి తాళం పడిందా? లినక్స్ ఇన్‌స్టాలర్లు చాలావరకు దాన్ని బయటే వదిలేసి, మిగతా డిస్కుకే లక్స్ (లినక్స్‌లో డిస్కును గుప్తీకరించే పద్ధతి) తాళం వేస్తాయి. లినక్స్ గుండెకాయ, కెర్నెల్ అంతటిది వీధిన పడి ఉండటమా! కాబట్టి దానికీ తాళం వేసి, తీసే పని సిస్టమ్‌ని మొదలుపెట్టే బూట్‌లోడర్ గ్రబ్‌కే అప్పగించాలని సవినయంగా మనవి.

పద్ధతి తేలికే. గ్రబ్ సెట్టింగుల ఫైలులో ఎనేబుల్ క్రిప్టోడిస్క్ లైనుకు 'వై' పెట్టి, ఆ తర్వాతే గ్రబ్ ఇన్‌స్టాల్ చేయాలి. వరస మారితే గ్రబ్‌కి తన ఇల్లే కనబడదు.

ఇక అసలు ముచ్చట. లక్స్ కొత్త వెర్షన్ లక్స్2, పాస్‌వర్డ్ నుంచి కీ తయారుచేయడానికి మామూలుగా ఆర్గాన్2ఐడీ వాడుతుంది. ఒక్కో పాస్‌వర్డ్ ప్రయత్నానికీ బోలెడు మెమరీ మింగి, గ్రాఫిక్స్ కార్డులతో దాడి చేసేవాణ్ణి ఏడిపించడమే దాని ధర్మం. 2.12 దాకా గ్రబ్‌కి ఆ విద్య రాదు. కనుక భద్రత పెంచే మహత్కార్యంలో మొదటి అడుగు, లక్స్‌ని నడిపే క్రిప్ట్‌సెటప్ కమాండ్‌తో ఆ కీ స్లాట్‌ని (ఒక్కో పాస్‌వర్డ్‌కి ఉండే అర) పాతకాలపు, మెమరీ అడగని పీబీకేడీఎఫ్2కి దించడం. ఆర్గాన్ స్లాట్‌ని పక్కన అలాగే ఉంచుకోవచ్చు, చూడముచ్చటగా ఉంటుంది. దొంగ మాత్రం బలహీనమైన స్లాటే ఎంచుకుంటాడు.

పాస్‌వర్డ్‌లో రూపాయి గుర్తు పెట్టిన దేశభక్తులకు ప్రత్యేక హెచ్చరిక: గ్రబ్‌కి తెలిసింది అమెరికా కీబోర్డే. టైప్ చేస్తుంటే చుక్కలు కూడా పడవు. ఎంటర్ కొట్టాక నిరీక్షణ. క్రిప్ట్‌సెటప్ సుమారు రెండు సెకన్లని లెక్కగట్టిన పని, ప్రాసెసర్ వేగాన్ని వాడుకోలేని గ్రబ్‌లో అరనిమిషం పట్టినా ఆశ్చర్యం లేదు, టీ పెట్టుకోవచ్చు. అంతా అయ్యాక ఒక్క అక్షరం తప్పని తేలితే, మళ్ళీ అడగడం 2.12 దాకా దాని మర్యాద కాదు. నేరుగా 'గ్రబ్ రెస్క్యూ' అనే అత్యవసర కమాండ్ లైను. అక్కడ క్రిప్టోమౌంట్ మైనస్ ఏ, ఇన్స్‌మాడ్ నార్మల్, నార్మల్ అని మూడు మంత్రాలు చదవాలి. గట్టెక్కితే, కెర్నెల్‌తోపాటు మొదట లోడయ్యే చిన్న ఫైల్ వ్యవస్థ ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ అదే పాస్‌వర్డ్ ఇంకోసారి అడుగుతుంది. అది వద్దంటే కీ ఫైలు దాంట్లోనే చేర్చి, పర్మిషన్లు 600 (యజమాని తప్ప ఎవరూ చదవలేకుండా) చేయాలి.

ఇంతా చేసి గ్రబ్ ఎక్కడుంటుంది? కంప్యూటర్ మొదట చదివే, తాళం లేని ఈఎఫ్‌ఐ పార్టిషన్‌లో, అరుగు మీద. హోటల్ గదిలో వదిలిన ల్యాప్‌టాప్‌కి పనిమనిషి బూట్‌లోడర్ మార్చేస్తే పాస్‌వర్డ్ దక్కుతుందని భద్రతా పరిశోధకురాలు జొవానా రుట్కోవ్‌స్కా 2009లోనే చూపించారు. సొంత కీలతో సెక్యూర్ బూట్ (సంతకం ఉన్న బూట్‌లోడర్‌నే నడవనిచ్చే ఏర్పాటు) పెట్టుకోండి. తీరిక లేకపోతే పనిమనిషితో మర్యాదగా ఉండండి.

చివరిగా హెడర్. లక్స్2లో డిస్కు మొదటి 16 మెగాబైట్లు అదే. అసలు కీ అందులోనే ఉంటుంది. అది చెడితే సరైన పాస్‌వర్డూ చిత్తుకాగితమే. లక్స్ హెడర్ బ్యాకప్ తీసుకోమంటే అందరూ బుద్ధిగా తీసుకుంటారు, అదే డిస్కులో, డాక్యుమెంట్స్ ఫోల్డర్‌లో.