నల్లగొండ: 480 మంది బరిలో నిలిచిన సీటు

నల్లగొండ లోక్‌సభ స్థానం గురించి ఈమధ్య ఎవరు మాట్లాడినా మెజారిటీతోనే మొదలుపెడుతున్నారు. 2024లో కాంగ్రెస్ అభ్యర్థి కుందూరు రఘువీర్ రెడ్డి దాదాపు 5.60 లక్షల ఓట్ల తేడాతో గెలిచారు కాబట్టి అది సహజమే. కానీ గెలిచినవాళ్ల జాబితాగా చదివితే ఈ సీటు అర్థం కాదు. ఇక్కడి జనం ఓటుతో దేశమంతా తమవైపు చూసేలా చేసిన సందర్భాలు రెండున్నాయి. 1952 మొదటిది, 1996 రెండోది.

మొదటిది అందరికీ తెలిసిందే. సాయుధ పోరాటం విరమించి కొన్ని నెలలే అయింది. కమ్యూనిస్టు పార్టీపై హైదరాబాద్ రాష్ట్రంలో నిషేధం ఉండటంతో పీపుల్స్ డెమొక్రటిక్ ఫ్రంట్ పేరుతో పోటీ చేసిన రావి నారాయణరెడ్డి 3 లక్షలకు పైగా ఓట్లు తెచ్చుకున్నారు. నెహ్రూకు వచ్చినవాటికన్నా ఎక్కువ. అప్పట్లో ఇది ద్విసభ్య స్థానం. రెండో సీటు కూడా ఫ్రంట్‌కే దక్కింది, సుంకం అచ్చాలు గెలిచారు.

తర్వాతి దశాబ్దాల్లో కాంగ్రెస్, తెలంగాణ ప్రజా సమితి, తెలుగుదేశం, సీపీఐ మారుతూ వచ్చాయి. గుత్తా సుఖేందర్ రెడ్డి 1999లో తెలుగుదేశం నుంచి, 2009, 2014లో కాంగ్రెస్ నుంచి గెలిచారు.

వీటన్నిటికన్నా 1996 ఎన్నిక నాకు పెద్దదిగా కనిపిస్తుంది. ఈ జిల్లాలో కృష్ణా నది ఉంది, నాగార్జునసాగర్ ఉంది. ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ వైపు వరి పండుతుంది. మెట్ట ప్రాంతమైన మునుగోడు, దేవరకొండ వైపు బోరే దిక్కు, ఆ బోరు నీళ్లలో ఫ్లోరైడ్. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరాదంటారు, అక్కడ అంతకు ఎన్నో రెట్లు ఉండేది. పిల్లల పళ్లు గారపట్టేవి, కాళ్లు వంకర్లు తిరిగేవి, నడి వయసుకే నడుము వంగిపోయేది. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి శాస్త్రవేత్తలు పెట్టిన పేరే ‘నల్గొండ టెక్నిక్’. ఆ పేరు విదేశాల దాకా వెళ్లింది, మంచినీళ్లు మాత్రం మర్రిగూడ దాకా రాలేదు.

అర్జీలు పెట్టీ పెట్టీ విసిగినవాళ్లు దుశర్ల సత్యనారాయణ నడిపిన జల సాధన సమితి పిలుపుతో నామినేషన్లు వేశారు. బరిలో మిగిలినవారు 480 మంది. బ్యాలెట్ పేపరు పుస్తకమైంది. ఓటరు పేజీలు తిప్పి గుర్తు వెతుక్కోవాల్సి వచ్చింది. సీపీఐ నేత బొమ్మగాని ధర్మభిక్షం గెలిచారు. దేశం మాత్రం మొదటిసారి ఫ్లోరైడ్ గురించి అడిగింది.

ఢిల్లీ ఏం చేసింది? అభ్యర్థుల సంఖ్య మీద పడింది. అదే ఏడాది చట్టం మార్చి డిపాజిట్ 500 రూపాయల నుంచి 10 వేలకు పెంచారు, స్వతంత్రులకు 10 మంది ప్రతిపాదకులు కావాలన్నారు. ఇప్పుడది 25 వేలు. ఎన్నికల నిర్వహణ కష్టమేనని ఒప్పుకుంటాను. అయినా ఊరు చందాలేసుకుని తన గోడు బ్యాలెట్‌కెక్కించే దారి మూసి, బదులుగా ఇంకో దారి చూపకపోవడం అన్యాయం. ఆ భారం భరించి కూడా 2019లో నిజామాబాద్ పసుపు, ఎర్రజొన్న రైతులు నిలబడ్డారు. అక్కడ 185 మంది పోటీ చేశారు.

2008 పునర్విభజనలో మునుగోడు భువనగిరి సీటులోకి వెళ్లింది. ఇప్పుడు నల్లగొండ సీటులో ఉన్నది ఎక్కువగా ఆయకట్టు. ఫ్లోరైడ్ పీడిత పల్లెల ఓటు రెండు సీట్ల మధ్య చీలింది. మెజారిటీ లెక్కలు చెప్పేవాళ్లు ఈ సంగతి ఎందుకు వదిలేస్తారో అర్థం కాదు.

మిషన్ భగీరథ వచ్చాక తాగునీటి కష్టం చాలావరకు తీరింది, కాదనలేం. వంగిన ఎముకలు తిరిగి నిలబడవు కాబట్టి బాధితులకు పింఛను, వైద్యం ఇంకా కావాలి. సాగునీటికి నమ్ముకున్న ఎస్‌ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) సొరంగం 2025 ఫిబ్రవరి 22న కూలి 8 మంది లోపల చిక్కుకుపోయారు. ఆ సొరంగం ఎప్పటికి పూర్తవుతుందో తేదీ చెప్పమని నల్లగొండ, భువనగిరి ఎంపీలిద్దరూ కలిసి అడగాలి, పార్లమెంటులోనూ హైదరాబాద్‌లోనూ.