మాలా? మీటింగా?

(పదిహేనేళ్లుగా రోజూ తాగుతున్న శీనును మాన్పించడం ఎలాగన్నది తగువు. చెల్లెలు శారద డీ-అడిక్షన్ వార్డులో నర్సు. తాగుడు మానడానికి ఒకరికొకరు తోడుండేవాళ్ల సంఘం ఆల్కహాలిక్స్ అనానిమస్, అంటే ఏఏ. అన్నను ఆ మీటింగులకు పంపాలంటుంది. మేనమామ వద్దంటాడు.)

మామయ్య: మగాడికి పట్టుదలుంటే చాలమ్మా. పోయినేడు మాల వేసుకున్నాడు. నలభై ఒక్క రోజులు చుక్క ముట్టాడా?

శారద: ముట్టలేదు. నలభై రెండో రోజు ముట్టాడు. ఆ నలభై ఒక్క రోజులూ వాణ్ణి ఆపింది పట్టుదల ఒక్కటే కాదు మామయ్యా. తెల్లారకముందే చన్నీళ్ల స్నానం, చుట్టూ పదిమంది స్వాములు, సాయంత్రం ఏడింటికి భజన. సరిగ్గా తాగే వేళకి వేరే చోటు, వేరే మనుషులు. మాల తీశాక స్వాములంతా ఎవరింటికి వాళ్లు పోయారు. ఏడింటికి వీడికి మిగిలింది బెల్టు షాపే. మీటింగు ఇచ్చేదీ ఆ చోటే, ఆ మనుషులే. కాకపోతే దానికి ఆఖరి రోజంటూ ఉండదు.

మామయ్య: భజనను తీసుకెళ్లి తాగుబోతుల గుంపుతో కలుపుతావా?

శారద: తాగుడు మానినవాళ్లు, మానాలనుకునేవాళ్లు. అక్కడ అడిగే అర్హత కూడా అదొక్కటే.

మామయ్య: చర్చి హాల్లో కదా పెట్టేది? మతం మారుస్తారేమో!

శారద: ఏఏ ఏ మతానికీ చెందింది కాదు. చర్చి హాలో, బడి గదో, ఎక్కడ చోటిస్తే అక్కడ కూర్చుంటారు. దేవుడి మాట వస్తుంది, దాచను. తాగుడు మానడానికి వాళ్లు పాటించే పన్నెండు మెట్లలో దేవుడున్నాడు, కానీ ఎవరికి తోచిన రూపంలో వాళ్లకి. వీడికి అయ్యప్పే అనుకోమనండి.

మామయ్య: పద్దెనిమిది మెట్లు ఎక్కొచ్చినవాడికి ఇంకో పన్నెండెందుకు?

శారద: ఆ పద్దెనిమిదీ ఏడాదికోసారి మామయ్యా. వీడికి దాహం రోజూ.

మామయ్య: సరే, రేపే మందాపి మీటింగులో కూర్చోబెడతావు. మానేస్తాడా?

శారద: రేపే ఆపించకండి, ప్రాణం మీదకొస్తుంది. ఇన్నేళ్లు తాగిన ఒళ్లు ఒక్కసారిగా ఆపితే మొదటి రెండు రోజుల్లోనే ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు దాకా లేనివి కనబడటం, మనుషుల్ని పోల్చుకోలేకపోవడం. పైగా వీడు దుకాణం కల్లు కూడా తాగుతాడు. కల్తీ కల్లులో అల్ప్రాజోలం, డైజిపామ్ లాంటి మత్తుమందులు కలుపుతారు. అవి ఒక్కసారిగా ఆగినా ఇదే గోల. 2020 లాక్‌డౌన్‌లో కల్లు దొరక్క ఎంతమంది ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి పరిగెత్తారో మరిచిపోయారా? అందుకే ముందు ఆసుపత్రి. వణుకు తగ్గడానికి మందులు, బీ1 విటమిన్ ఇంజెక్షన్. ఊళ్లో ఆర్‌ఎంపీ నీరసమని గ్లూకోజు ఎక్కించబోతే ఆపండి. బీ1 పడకుండా గ్లూకోజెక్కితే మెదడు దెబ్బతినే ప్రమాదముంది. ఇంకోటి, అత్తయ్య ఎవరో ఇచ్చిన పొడి కూరలో కలుపుతానంటోంది. అలాంటి వాటిలో డైసల్ఫిరామ్ అని, తాగుడు మాన్పించడానికి డాక్టర్లిచ్చే మందు ఉండొచ్చు. అది ఒంట్లో ఉండగా తాగితే మొహం ఎర్రబారి, వాంతులై, బీపీ పడిపోతుంది. చెప్పకుండా పెట్టే మందు కాదది.

మామయ్య: అది నాకు తెలీదు. మీ అత్తయ్యకి చెప్తాలే. కానీ నువ్వు చెప్పేదంతా వైద్యమేగా, మీటింగెందుకు మరి?

శారద: వారంలో డిశ్చార్జి చేస్తాం. ఎనిమిదో రోజు సాయంత్రానికి నా దగ్గర ఇంజెక్షన్ లేదు.

మామయ్య: ఆ మీటింగుల్లో రిజిస్టరుండదట, అసలు పేరు చెప్పక్కర్లేదట. మరి ఎంతమంది మానారో ఎవరు లెక్కపెట్టారు? మానినవాడే వచ్చి మాట్లాడతాడు. మళ్లీ తాగినవాడు మొహం చూపిస్తాడా?

శారద: సరైన చోటే పట్టుకున్నారు. 2020లో కాక్రేన్ అని, వైద్య పరిశోధనల్ని కలిపి బేరీజు వేసే సంస్థ వాళ్లు 27 అధ్యయనాలు, పదివేల పైచిలుకు మందిని కలిపి చూశారు. ఏఏ వైపు పద్ధతిగా నడిపించిన వాళ్లలో పూర్తిగా మానేసి నిలబడ్డవాళ్లు మిగతా చికిత్సల కంటే ఎక్కువే తేలారు.

మామయ్య: మన పల్లెల్లో చూశారా?

శారద: లేదు. చాలావరకు అమెరికావే.

మామయ్య: మరి! ఇక్కడ ఊళ్లో మీటింగు లేదు. టౌన్లో ఉంటే తొమ్మిది దాటాక బస్సుండదు. నీ కాగితాలు బస్సు తెప్పిస్తాయా?

శారద: తెప్పించవు. మొదటి నెల ఎవరో ఒకరు బండి మీద తీసుకెళ్లాల్సిందే. బండి కుదరని రోజు ఫోన్లో వీడియో మీటింగు. చోటెక్కడో మా వార్డు కౌన్సిలర్‌కి తెలుసు. మత్తు మాన్పించే ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14446కి ఫోన్ చేసినా దగ్గర్లో ఉన్న డీ-అడిక్షన్ సెంటరు చెప్తారు, అక్కడ అడగొచ్చు. బయల్దేరే ముందు గ్రూపు నంబరుకి ఫోన్ చేసి మూడడగండి. మీటింగు ఇంకా అక్కడే జరుగుతోందా, తెలుగులోనా, ఓపెనా క్లోజ్డా. ఓపెన్ అయితే ఎవరైనా కూర్చోవచ్చు. క్లోజ్డ్ అయితే తాగుడు మానాలనుకునేవాళ్లకే, మీరు గేటు దగ్గరే ఆగాలి. పది నిమిషాలు ముందే వెళ్తే ఎవరో ఒకరు పలకరిస్తారు. ఫీజు లేదు. చివర్లో సంచి తిప్పుతారు, కొత్తవాళ్లు వెయ్యక్కర్లేదు. మాట్లాడమంటే 'ఈరోజు వింటాను' అంటే చాలు. అన్నిటికంటే ముఖ్యం, ఇద్దరు ముగ్గురి ఫోన్ నంబర్లు తీసుకోవాలి. చెయ్యి గ్లాసు మీదకి పోయే ముందు నొక్కాల్సిన నంబర్లవి. చాలామంది మొదటి మీటింగు కాగానే చెప్పులేసుకుని జారుకుంటారు, అక్కడే పోతుంది. ఒకటి నచ్చకపోతే ఇంకో గ్రూపు. ఆరు మీటింగులు కూర్చోకుండా పనికిరాదనొద్దు.

మామయ్య: రేపు వాడి కూతురికి సంబంధం వస్తే? అక్కడ ఎవరైనా చూస్తే?

శారద: అక్కడ చూసినవాడూ అందుకే వచ్చి ఉంటాడు. ఎక్కడా నోరు జారడని హామీ ఇవ్వలేను. కానీ రోడ్డు పక్కన పడిపోయి ఉండగా వాణ్ణి ఊరంతా చూసింది మామయ్యా.

మామయ్య: ...బండి మీద నేను తీసుకెళ్తాలే. కానీ ఈ కార్తీకంలో మాల కూడా వేయిస్తా.

శారద: వేయించండి. శబరిమల నుంచి వచ్చి మాల తీసిన సాయంత్రం మాత్రం ఏడింటికల్లా వాణ్ణి మీటింగులో కూర్చోబెట్టండి.